టీమ్ బాస్ మారితే కారు వేగం పెరుగుతుందా? ఫార్ములా వన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం రేసు అయిపోగానే మా వాట్సాప్ గ్రూపులో మొదటి మెసేజ్ దాదాపు ప్రతిసారీ ఒకటే: "ఆ ఫెరారీ బాస్‌ని పీకేస్తే తప్ప బాగుపడరు." కుర్చీలో ఎవరున్నా ఇదే మాట. జవాబు టైప్ చేసీ చేసీ వేళ్లు నొప్పెట్టి, ఎక్కువగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టేశాను. కొత్తగా ఫార్ములా వన్ చూస్తున్నవాళ్లకి కూడా పనికొస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: టీమ్ బాస్‌కి ఎంత గడువివ్వాలన్నది, ఆ రోజుల్లో టెస్టింగ్ (రేసు లేని రోజుల్లో కారుని ట్రాక్ మీద తిప్పి చూసుకోవడం) రూల్స్ ఎలా ఉన్నాయో చూడకుండా తేల్చలేం. ట్రాక్ మీద ఇష్టమొచ్చినంత తిరిగే రోజుల్లో తప్పుని నెలలో దిద్దుకునేవారు. ఇప్పుడు అదే తప్పుకి ఒక్కోసారి ఏడాది పడుతుంది.

టీమ్ బాస్, అంటే టీమ్ ప్రిన్సిపాల్, కారు నడపడు, డిజైన్ చేయడు. మరి ఆయన చేసేదేంటి?

పెళ్లింట్లో ఓ పెద్దాయన ఉంటాడు చూడండి. వంట చేయడు, సన్నాయి ఊదడు, పందిరి వేయడు. ఆయన లేకపోతే మాత్రం వంటవాళ్లకీ పందిరివాళ్లకీ పొద్దున్నే గొడవ. ప్రిన్సిపాల్ ఉద్యోగం అలాంటిదే. గాలి లెక్కలు చూసే ఇంజనీర్లకి కారు పక్కభాగాలు సన్నగా కావాలి. ఇంజన్ వాళ్లకి వేడి పోవడానికి పెద్ద కంతలు కావాలి. డ్రైవర్‌కి మలుపులో కారు మీద నమ్మకం కావాలి. కంపెనీ బోర్డుకి ఆదివారం సాయంత్రానికి కప్పు కావాలి. వీళ్లందరి మధ్య ఒక మాట చెప్పి, ఆ మాట మీద నిలబడి, తిట్లు తనే తినేవాడు ప్రిన్సిపాల్. ఎవరిని తెచ్చుకోవాలి, ఎవరిని వదులుకోవాలి అన్నది కూడా చాలావరకు ఆయన చేతిలోనే ఉంటుంది.

బాస్‌ని మారిస్తే వచ్చే సీజన్‌కైనా కారు బాగుపడదా?

చాలాసార్లు పడదు. 2023 జనవరిలో ఫ్రెడ్ వాసర్ ఫెరారీ బాధ్యతలు తీసుకున్నాడు. ఆ ఏటి కారుని ఫిబ్రవరి 14న జనానికి చూపించారు. అంటే ఆయన అడుగుపెట్టేసరికే అన్నం ఉడికిపోయింది, వడ్డించడమే మిగిలింది. అది బాగా ఉడికిందా లేదా అన్నదానికి ఆయన్ని తిట్టడం అన్యాయం కదా.

మనుషుల్ని తెచ్చుకుందామన్నా గార్డెనింగ్ లీవ్ అడ్డం. రహస్యాలు పాతబడేదాకా పాత టీమ్ జీతమిచ్చి మరీ నెలల తరబడి ఇంట్లో కూర్చోబెడుతుంది. రెడ్ బుల్ నుంచి డిజైనర్ రాబ్ మార్షల్‌ని తీసుకుంటున్నట్టు మెక్‌లారెన్ 2023 మేలో చెప్పింది. ఆయన ఆఫీసులో కూర్చున్నది 2024 జనవరిలో. కొత్త బాస్ తెచ్చిన మనిషి చేయి పడిన కారు రోడ్డెక్కేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

నాయకత్వం నిలకడగా ఉంటే గెలుస్తారనడానికి గట్టి ఉదాహరణ చెప్పండి.

జాన్ టాడ్. ఈ కథ కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

1993 జులైలో కంపెనీ అధ్యక్షుడు లూకా ది మాంటెజెమోలో ఆయన్ని బాస్‌గా ఫెరారీకి తెచ్చేసరికి టీమ్ పరిస్థితి పేరు గొప్ప, ఊరు దిబ్బ. డ్రైవర్స్ టైటిల్ (ఏడాదంతా కలిపి ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న డ్రైవర్‌కి ఇచ్చేది) చివరిసారి తెచ్చింది 1979లో జోడీ షెక్టర్. కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ (అదే లెక్కన టీముకి ఇచ్చేది) 1983 తర్వాత లేదు. టాడ్ అసలు ఫార్ములా వన్ మనిషే కాదు. ర్యాలీల్లో కో-డ్రైవర్‌గా మొదలై, పెజో టీమ్‌ని డాకార్‌లోనూ ల మాన్‌లోనూ గెలిపించి వచ్చాడు. ఆయన హయాంలో తొలి గెలుపుకే ఏడాది పట్టింది: 1994లో జర్మనీలో గెర్హార్డ్ బెర్గర్.

1996లో మైకేల్ షూమాకర్ వచ్చాడు. అప్పటికే రెండుసార్లు ఛాంపియన్. ఇక తిరుగులేదనుకున్నారు. ఆ ఏడాది ఫ్రాన్స్ రేసు గుర్తుందా? షూమాకర్ పోల్ కొట్టాడు, అంటే అందరికంటే ముందు గడి అతనిదే. రేసుకి ముందు అందరూ నెమ్మదిగా ఒక రౌండ్ తిరిగి వచ్చి తమ గడుల్లో నిలబడతారు. ఆ రౌండ్‌లోనే ఎర్ర కారు వెనక నుంచి పొగ. ఇంజన్ పోయింది. మొదటి స్థానంలో ఉండాల్సినవాడు రేసు మొదలవకముందే ఇంటికి. ఇటలీ పత్రికలు టాడ్ తల అడిగాయి. మాంటెజెమోలో ఇవ్వలేదు, షూమాకర్ కూడా టాడ్ పక్షానే నిలబడ్డాడు.

ఆ తర్వాత బెనెటన్ టీమ్ నుంచి టెక్నికల్ డైరెక్టర్ రాస్ బ్రాన్, డిజైనర్ రోరీ బర్న్ వచ్చారు. అయినా వెంటనే ఏమీ రాలలేదు. 1997లో స్పెయిన్‌లోని జెరెజ్‌లో, 1998లో జపాన్‌లోని సుజుకాలో, 1999లో మళ్లీ సుజుకాలో, వరసగా మూడేళ్లు చివరి రేసులో డ్రైవర్స్ టైటిల్ చేజారింది. 1999లో కన్‌స్ట్రక్టర్స్ మాత్రం దక్కింది. 2000 అక్టోబర్ 8న సుజుకాలోనే షూమాకర్ గెలిచాడు. టాడ్ వచ్చి ఏడేళ్లు దాటింది. ఏ కంపెనీ బోర్డు ఈ రోజుల్లో ఏడేళ్లు ఆగుతుంది?

అక్కడి నుంచి 2004 దాకా వరసగా ఐదు డ్రైవర్స్ టైటిళ్లు. 1999తో కలిపి ఆరు కన్‌స్ట్రక్టర్స్.

అంటే ఆ విజయాలన్నీ నిలకడ పుణ్యమేనా?

సగం. ఇంకో సగం టెస్టింగ్ రూల్స్ పుణ్యం. అభిమానులు మర్చిపోయే సగం ఇదే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఫెరారీ దాన్ని అక్షరాలా పాటించింది. మారనెల్లో ఫ్యాక్టరీ పక్కనే ఫియోరానో అని దాదాపు 3 కిలోమీటర్ల సొంత ట్రాక్, 1972 నుంచీ ఉంది. పొద్దున కొత్త భాగం తయారైతే మధ్యాహ్నానికి కారుకి బిగించి తిప్పి చూడొచ్చు. అది చాలకపోతే ముజెల్లో ట్రాక్ కూడా వాళ్లదే. టెస్టింగ్ మీద పెద్దగా పట్టింపుల్లేని కాలం. లూకా బడోయెర్ లాంటి టెస్ట్ డ్రైవర్ల ఉద్యోగమే అది: రేసు లేని రోజుల్లో గిరగిరా తిరుగుతూ టైర్లు, గేర్‌బాక్సులు అరగదీయడం. పైగా 2002 నుంచి బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు వాడే పెద్ద టీమ్ ఫెరారీ ఒక్కటే. కొత్త టైరు వాళ్ల కారుకి, వాళ్ల డ్రైవర్‌కి నప్పేలా వచ్చేది. 2002లో 17 రేసుల్లో 15, 2004లో 18 రేసుల్లో 15 గెలిచారు.

మరి 2005లో ఏమైంది? బాస్ అదే, డ్రైవర్ అదే, డిజైనర్లు వాళ్లే, ట్రాక్ కూడా అక్కడే ఉంది. మారిన రూల్స్‌లో గట్టిగా తగిలింది టైర్ రూల్: క్వాలిఫయింగ్‌కీ (రేసులో ఎవరు ఏ గడిలో నిలబడాలో తేల్చే పరుగు) రేసుకీ కలిపి ఒకటే సెట్. ఆ ఏడాది ఫెరారీ మొత్తం మీద గెలిచింది ఒక్క రేసు. అదీ ఇండియానాపొలిస్‌లో, మిషెలిన్ టైర్ల కార్లన్నీ తప్పుకుంటే మిగిలిన ఆరు కార్ల మధ్య. ఆ రేసు అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చుని చూసినవాణ్ణి నేను. గెలిచిన షూమాకర్ కంటే నాలుగో స్థానంలో వచ్చిన మన నారాయణ్ కార్తికేయన్‌ని చూసే ఎక్కువ గంతులేశాను. ఆరుగురిలో నాలుగు అయితేనేం!

టెస్టింగ్‌ని ఎందుకు ఆపేశారు?

డబ్బు. 2008లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం, ఆ డిసెంబర్‌లో హోండా ఉన్నట్టుండి దుకాణం కట్టేసింది. మిగతావాళ్లు కూడా పోతారన్న భయంతో ఖర్చు తగ్గించుకోవాలనుకున్నారు. 2009 నుంచి సీజన్ మొదలయ్యాక ట్రాక్ టెస్టింగ్ బంద్. (ఇంతా చేసి ఆ ఏడాదే బీఎండబ్ల్యూ, టొయోటా కూడా వెళ్లిపోయాయి. అది వేరే సంగతి.)

ఆ నిషేధం దెబ్బ ఎవరికైనా కళ్లకి కట్టినట్టు తగిలిందా?

పాపం, ఆ బడోయెర్‌కే. 2009లో హంగరీలో ఫెరారీ డ్రైవర్ ఫెలిపె మస్సా తలకి దెబ్బ తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. ఫెరారీ ముందు, అప్పటికే రిటైరైన షూమాకర్‌ని పిలిచింది. ఆ ఏటి కారులో ఒక్కరోజు తిప్పి చూసుకోనివ్వండని అడిగితే విలియమ్స్, రెడ్ బుల్, టోరో రోసో ఒప్పుకోలేదు. అంతకుముందు హంగరీలోనే హైమె అల్గెర్సువారి అనే 19 ఏళ్ల కుర్రాడు టెస్టింగ్ లేకుండానే రేసులో దిగాడు, మీ పెద్దాయనకి మాత్రం ఎందుకు మినహాయింపు అన్నారు. న్యాయమే. చివరికి మెడనొప్పితో షూమాకర్ తప్పుకున్నాడు.

అప్పుడు బడోయెర్ వంతు వచ్చింది. 1999 తర్వాత రేసు ఆడలేదు. ఆయన బతుకంతా టెస్టింగే, ఆ టెస్టింగ్ ఏమో రద్దయింది. వాలెన్సియాలో శుక్రవారం ఒక్కరోజే పిట్ లేన్‌లో (టైర్లు మార్చుకోవడానికి కార్లు వచ్చే దారి) వేగం మించినందుకు నాలుగుసార్లు జరిమానా పడింది. క్వాలిఫయింగ్‌లో చిట్టచివర. తర్వాతి రేసు స్పాలోనూ చివరే. అదే స్పాలో, అదే కారులో టీమ్‌లోని ఇంకో డ్రైవర్ కిమి రైకొనెన్ రేసు గెలిచాడు! ఫియోరానోలో వేల కిలోమీటర్లు తిరిగిన మనిషి, తన సొంత టీమ్ కారుకే కొత్తవాడైపోయాడు.

అదే ఏడాది బ్రాన్ జీపీ గెలిచింది కదా. కొత్త టీమ్, డబ్బుల్లేవు, నిలకడ ఎక్కడుంది?

పేరు కొత్తది, మనుషులు కాదు. హోండా వెళ్లిపోతే, అప్పటికి అక్కడ బాస్‌గా ఉన్న రాస్ బ్రాన్ ఆ టీమ్‌ని తనే తీసుకుని తన పేరు పెట్టాడు. కారు పని 2008 అంతా నడుస్తూనే ఉంది. ఆ ఏటి సీజన్‌ని దాదాపు వదిలేసి, మారబోయే రూల్స్ మీదే కూర్చున్నారు. కొత్త కారు మొదటిసారి కదిలింది 2009 మార్చి 6న సిల్వర్‌స్టోన్‌లో. మార్చి 29న మెల్‌బోర్న్‌లో ఒకటి, రెండు స్థానాలు వాళ్లవే. వాళ్ల డ్రైవర్ జెన్సన్ బటన్ తొలి ఏడు రేసుల్లో ఆరు గెలిచాడు.

ఇక్కడే టెస్టింగ్ నిషేధం అదృష్టంలా కలిసొచ్చిందని నా నమ్మకం. పాత రోజులైతే ఫెరారీ, మెక్‌లారెన్ బ్రాన్ కారు వెనక అడుగున ఉన్న డబుల్ డిఫ్యూజర్‌ని (కారుని నేలకి అదిమిపెట్టేలా గాలిని మళ్లించే భాగం) చూసిన వారానికే సొంత ట్రాక్‌ల మీద అదే పని మీద ఉండేవి. ఇప్పుడు ఏ కొత్త భాగం తెచ్చినా రేసు శుక్రవారమే మొదటిసారి పరీక్ష. సీజన్ రెండో సగంలో బ్రాన్ టీమ్ వేగం తగ్గినా, మిగతావాళ్లు అందుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

ఆ టీమ్‌నే మెర్సిడెస్ కొన్నది. 2013 జనవరిలో టోటో వోల్ఫ్ వచ్చాడు, ఆ ఏడాది చివర బ్రాన్ వెళ్లిపోయాడు. 2014 నుంచి 2021 దాకా వరసగా ఎనిమిది కన్‌స్ట్రక్టర్స్ టైటిళ్లు. నాటు వేసిందొకరు, కుప్ప నూర్చిందొకరు. వోల్ఫ్ గొప్పతనం ఏంటంటే, నాటినవాడు వెళ్లినా చేను ఎండిపోకుండా చూసుకున్నాడు.

మరి ఇప్పుడు టీములు కార్లని ఎక్కడ పరీక్షిస్తున్నాయి?

సీజన్‌కి ముందు కొద్ది రోజులు అందరూ కలిసి ఒకచోట. 2023, 2024, 2025ల్లో బహ్రెయిన్‌లో మూడేసి రోజులే. ఒక టీముకి ఒకటే కారు, దాన్ని ఇద్దరు డ్రైవర్లు పంచుకోవాలి, అంటే ఒక్కొక్కరికీ ఒకటిన్నర రోజు! 2026లో కారు, ఇంజన్ రూల్స్ మొత్తంగా మారాయి కాబట్టి బార్సిలోనాలో, బహ్రెయిన్‌లో ఎక్కువ రోజులు పెట్టారు. ఇవి కాక పబ్లిసిటీ షూటింగ్ పేరుతో రెండు ఫిల్మింగ్ డేలు ఉంటాయి. పాత మోడల్ కార్లు తిప్పుకోవచ్చు, 2025 నుంచి దానికీ పరిమితి పెట్టారు. కిమి ఆంటొనెల్లి 2025లో మెర్సిడెస్ సీట్లోకి రాకముందు ఈ పాత కార్లలోనే చెయ్యి తిప్పుకున్నాడు.

మిగతా పనంతా విండ్ టన్నెల్‌లో (కారు బొమ్మ మీదికి గాలి వదిలి చూసే సొరంగం), కంప్యూటర్‌లో, సిమ్యులేటర్‌లో.

అయితే డబ్బున్నవాళ్లు పగలూ రాత్రీ విండ్ టన్నెల్ తిప్పేస్తారుగా?

తిప్పనివ్వరు. నాకు ఈ ఆటలో బాగా నచ్చిన రూల్ ఇదే. పైనున్నవాళ్లకి తక్కువ, కిందున్నవాళ్లకి ఎక్కువ. 2022 నుంచి నడిచిన లెక్క: ఎనిమిది వారాలకి 320 రన్లు (టన్నెల్‌లో ఒక్కో పరీక్ష ఒక రన్) అన్నది కొలబద్ద. మొదటి స్థానంలో ఉన్న టీముకి అందులో 70 శాతం, పదో స్థానంలో ఉన్నవాళ్లకి 115 శాతం. అంటే ఛాంపియన్‌కి 224 రన్లు, ఆఖరివాడికి 368. ఏడాది మధ్యలో మళ్లీ పట్టిక చూసి మారుస్తారు. దీనికి తోడు 2021 నుంచి ఖర్చుకి పరిమితి. ఆ మొదటి ఏడు 14.5 కోట్ల డాలర్లు.

ఆ పరిమితి దాటినందుకు రెడ్ బుల్‌కి 2022 అక్టోబర్‌లో 70 లక్షల డాలర్ల జరిమానాతో పాటు, ఉన్న టెస్టింగ్ కోటాలో పదో వంతు కోత పడింది. అయినా 2023లో 22 రేసుల్లో 21 గెలిచారు. రూల్ పని చేయలేదా? చేసింది, ఆలస్యంగా. కోత పెట్టిన రోజున కారు వేగం తగ్గదు, ముందుముందు రావాల్సిన మెరుగులు తగ్గుతాయి. 2024 మధ్య నుంచి రెడ్ బుల్ జారి మూడో స్థానంలో తేలడానికి ఇదొక్కటే కారణమనను గానీ, ఇదీ ఒకటనే నా అనుమానం.

సిమ్యులేటర్ ఉంటే ట్రాక్‌తో పనేంటి?

నేల విడిచి సాము చేసినట్టు అవుతుంది. 2022లో మెర్సిడెస్‌కి అదే అయింది. విండ్ టన్నెల్‌లో పెట్టేది అసలు కారు కాదు, 60 శాతం సైజు బొమ్మ. గాలి వేగం కూడా సెకనుకి 50 మీటర్లు మించకూడదు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ లెక్కల్లో కారు అద్భుతం. ట్రాక్ మీదికి తెచ్చి స్ట్రెయిట్‌లో వేగం పెంచితే గతుకుల రోడ్డు మీద ఆటోలా ఎగిరెగిరి పడింది. ఆ గంతులు బొమ్మలో కనపడలేదు. ఎనిమిదేళ్లు ఏలిన టీమ్ 2022లో ఒకే ఒక్క రేసు గెలిచింది, 2023లో అదీ లేదు.

పాత రూల్స్ ఉంటే నెల రోజులు ఏదో ట్రాక్ అద్దెకి తీసుకుని తేల్చుకునేవాళ్లు. ఇప్పుడలా కుదరదు కాబట్టే తప్పు ఎక్కడ జరిగిందో గుర్తున్న మనుషులు అదే టీములో ఉండటం ముఖ్యం. వోల్ఫ్ ఉన్నాడు. 2023లో జేమ్స్ ఆలిసన్‌ని తిరిగి టెక్నికల్ డైరెక్టర్ కుర్చీలోకి తెచ్చాడు. 2024లో నాలుగు గెలిచారు.

దొంగచాటుగా టెస్ట్ చేసి దొరికినవాళ్లున్నారా?

ఉన్నారు. 2013 మేలో స్పెయిన్ రేసు అయ్యాక మెర్సిడెస్ అక్కడే ఉండిపోయి, పిరెలీ టైర్ల పరీక్ష పేరుతో ఆ ఏటి కారుని మూడు రోజుల్లో వెయ్యి కిలోమీటర్లు తిప్పింది. డ్రైవర్లు హామిల్టన్, రోస్‌బర్గ్ మామూలు రంగురంగుల హెల్మెట్లు కాకుండా సాదావి పెట్టుకున్నారు. తప్పేం లేదంటే హెల్మెట్ ఎందుకు మార్చారో మరి. ట్రిబ్యునల్ మందలించి, యువ డ్రైవర్ల టెస్ట్‌కి రాకుండా చేసింది. వెయ్యి కిలోమీటర్లకి ఆ శిక్ష చాలా చవక.

బాస్‌ని మార్చి బాగుపడ్డవాళ్లు లేరా?

మెక్‌లారెన్ ఉంది. 2022 డిసెంబర్‌లో ఆండ్రియా స్టెల్లాని ప్రిన్సిపాల్‌ని చేశారు. 2024లో కన్‌స్ట్రక్టర్స్ టైటిల్, 1998 తర్వాత మొదటిది. 2025లో అదీ, లాండో నారిస్ డ్రైవర్స్ టైటిలూ రెండూ. కానీ చూడండి, స్టెల్లా బయటివాడు కాదు. 2015 నుంచీ ఆ టీములోనే ఉన్నాడు. పైన సీఈఓ జాక్ బ్రౌన్ మారలేదు. కొత్త సొంత విండ్ టన్నెల్ కూడా 2023లోనే పనిలోకి వచ్చింది. అప్పటిదాకా జర్మనీలో టొయోటా వాళ్లది అద్దెకి.

రెడ్ బుల్ సంగతి ఇంకా తిరకాసు. క్రిస్టియన్ హార్నర్ 2005 జనవరి నుంచి ఇరవై ఏళ్లు ఉన్నాడు. మొదటి గెలుపుకి ఐదో సీజన్ దాకా ఆగారు, ఆ ఓపికకి ఫలం ఎనిమిది డ్రైవర్స్ టైటిళ్లు. 2025 జులైలో ఆయన్ని తీసేసి లోరాన్ మెకీస్‌ని పెట్టారు. ఆగస్టు ఆఖరికి 104 పాయింట్లు వెనకున్న వాళ్ల డ్రైవర్ వెర్‌స్టాపెన్ చివరికి 2 పాయింట్ల తేడాతో టైటిల్ పోగొట్టుకున్నాడు. "చూశారా, బాస్ మారగానే!" అని మా గ్రూపులో పండగ. కానీ ఇటలీలో మోంజా రేసుకి తెచ్చిన కొత్త ఫ్లోర్ (కారు అడుగుభాగం) రెండు నెలల్లో ఊడిపడేది కాదు. అలాగని మెకీస్ చేసిందేమీ లేదనీ అనను. ఈ ఒక్క విషయంలో నా వాదన కాస్త తడబడుతుందని ఒప్పుకుంటాను.

మార్చీ మార్చీ చెడిపోయినవాళ్లు?

ఆల్పీన్. 2021 నుంచి ఆ కుర్చీ బస్టాండ్ బెంచీ అయింది: బుద్కోవ్‌స్కీ, సాఫ్‌నవర్, ఫమాన్, ఓక్స్, వెనక నుంచి బ్రియాటోరె. 2022లో నాలుగో స్థానం, 2025లో ఆఖరి స్థానం. వేరే వివరణ అక్కర్లేదు.

ఓనర్ మారితే?

అది అంత ప్రమాదం కాదు. ఫోర్స్ ఇండియానే తీసుకోండి. ఓనర్ విజయ్ మాల్యా కష్టాల్లో ఉన్న 2016, 2017ల్లోనే ఆ టీమ్ నాలుగో స్థానంలో నిలిచింది. ఎందుకంటే సిల్వర్‌స్టోన్ ఫ్యాక్టరీలో ఆండ్రూ గ్రీన్ లాంటి ఇంజనీర్లు ఏళ్ల తరబడి కదల్లేదు. అదే గూడు జోర్డాన్‌గా మొదలై, మిడ్‌ల్యాండ్, స్పైకర్, ఫోర్స్ ఇండియా, రేసింగ్ పాయింట్ అయ్యి, ఇప్పుడు ఆస్టన్ మార్టిన్. పైన బోర్డు మారింది, లోపల మనుషులు చాలాకాలం వాళ్లే.

మన హైదరాబాద్‌లో జరిగిన రేసుకి ఇదంతా వర్తిస్తుందా?

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగింది ఫార్ములా ఈ, కరెంటు కార్లు. అక్కడా టెస్టింగ్ చాలా తక్కువ. పైగా ఎన్టీఆర్ మార్గ్ మీద అంతకుముందు ఫార్ములా ఈ కార్లు తిరిగిందే లేదు కాబట్టి అందరికీ సిమ్యులేటరే దిక్కు. జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. జాగ్వార్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. నేను స్టాండ్‌లో కూర్చుని చెవుల్లో దూది పెట్టుకున్నా. తీరా కార్లొస్తే టైర్ల కీచు, మోటారు ఈల తప్ప ఏమీ లేదు. పక్కనాయన నన్ను చూసి నవ్వాడు.

మన దేశపు టీమ్ మహీంద్రా ఆ ఏడాదే కొత్త బాస్‌తో, కొత్త తరం కారుతో వచ్చింది. హైదరాబాద్ తర్వాతి రేసు కేప్‌టౌన్‌లో సస్పెన్షన్ మీద అనుమానంతో రెండు కార్లనీ వెనక్కి తీసుకుంది. సరిపడా టెస్టింగ్ లేకుండా కొత్త కారు దింపితే ఇలాంటివి రేసు వారంలోనే బయటపడతాయి.

సరే, ఫెరారీ మళ్లీ ఎప్పుడు గెలుస్తుంది?

డ్రైవర్స్ టైటిల్ చివరిసారి 2007లో, కన్‌స్ట్రక్టర్స్ 2008లో. 2014 ఏప్రిల్‌లో డొమెనికాలి దిగిపోయాక మత్తియాచి, అరివాబెనె, బినోతో, వాసర్. 2024లో మెక్‌లారెన్‌కి 14 పాయింట్ల దూరంలో ఆగిపోయారు. 2025లో ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు. అయినా ఆ జులైలోనే వాసర్ కాంట్రాక్ట్ పొడిగించారు. టాడ్ లెక్కన చూస్తే ఆయనకి 2030 దాకా గడువుంది. ఈ మాట గ్రూపులో రాస్తే నన్ను బయటికి తోశారు. మర్నాడు మళ్లీ చేర్చారు, బిర్యానీ పందెం ఇంకా తేలలేదు కాబట్టి.